కడుపులోనే వెన్నుకు ఆపరేషన్ చేయిస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతుందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే కష్టంలో ఉన్న మరొకరు చదివినా అర్థం కావాలి కదా. మీది సింగరాయకొండ, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఉద్యోగం. మీ ఆవిడకు తొలి కాన్పు, ఇరవై ఒకటో వారం. ఒంగోలులో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే స్కాన్) తీసిన డాక్టరు బిడ్డకు నడుము దగ్గర వెన్ను మూసుకోలేదని (స్పైనా బైఫిడా అంటారు), ఎల్4 అనే నాలుగో నడుము పూస నుంచి కిందికి చిన్న సంచిలా ఉబ్బిందని, తలలో నీరు కూడా కొంచెం ఎక్కువగా ఉందని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు తీసేయించమంటున్నారు. కడుపులో ఉండగానే ఆపరేషన్ చేస్తారని ఎక్కడో చదివిన మీకు ఆశ పుట్టింది. ఆ ఆపరేషన్ చేయిస్తే మా బిడ్డ మిగతా పిల్లల్లాగే నడిచి, చదువుకుని, మామూలుగా ఉంటుందా అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లుగా నెల్లూరులో పిల్లల సర్జన్‌గా పనిచేస్తున్నాను. పుట్టిన బిడ్డల వెన్ను మూసే ఆపరేషన్లు చేశాను. కడుపులోని బిడ్డకు నేను చేయలేదు. అలా చేయించుకుని వచ్చిన పిల్లలను మాత్రం ఏళ్ల తరబడి చూస్తున్నాను. అందుకని ఆపరేషన్ గొప్పదనం గురించి కాక, ఆ తర్వాత ఇంట్లో, బడిలో గడిచే ఏళ్ల గురించి ఎక్కువగా రాస్తాను.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు ఇది. ఆ ఆపరేషన్ జబ్బును నయం చేయదు, జబ్బు బరువును తగ్గిస్తుంది. తల విషయంలో బాగా తగ్గిస్తుంది. కాళ్ల విషయంలో కొంత, మూత్రం విషయంలో మరికొంత తగ్గిస్తుంది. చదువు, తెలివితేటల దగ్గరికి వచ్చేసరికి తేడా దాదాపు కనిపించదు. ఆపరేషన్ కడుపులో జరిగినా, పుట్టాక జరిగినా, ఏ ఆపరేషన్‌తోనూ తీరని పదేళ్ల పని మరొకటి మీ ఇంట్లో మిగిలి ఉంటుంది. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోండి. పిండం ఏర్పడిన మొదటి నాలుగు వారాల్లో, చాలామంది తల్లులకు నెల తప్పిందని కూడా తెలియని రోజుల్లో, వెన్నుపాము ఒక చదునైన పొరగా ఉండి, రెండు అంచులూ దగ్గరకు వచ్చి గొట్టంలా మూసుకోవాలి. ఎక్కడో ఒకచోట ఆ అంచులు కలవకపోతే అక్కడ వెన్నుపాము తెరుచుకుని ఉండిపోతుంది. అది మొదటి దెబ్బ. దానిని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. రెండో దెబ్బ ఆ తర్వాత నెమ్మదిగా పడుతుంది. మూత లేని నరాలు నెలల తరబడి ఉమ్మనీటిలో నానుతాయి, గర్భసంచి గోడకు రాసుకుంటాయి. అదే సమయంలో వెన్నులోని నీరు ఆ రంధ్రం గుండా బయటికి కారిపోతుంటే మెదడు వెనుక భాగం కిందికి, మెడలోకి జారుతుంది. అలా జారి దారి మూసుకుపోతే తలలో నీరు చేరుతుంది. మీ స్కాన్‌లో బిడ్డ నుదురు రెండు పక్కలా నిమ్మకాయలా నొక్కుకుపోయి, చిన్నమెదడు అరటిపండులా వంగి ఉందని రాసి ఉంటే, దాని అర్థం ఇదే. కడుపులో చేసే ఆపరేషన్ ఈ రెండో దెబ్బను మధ్యలో ఆపుతుంది. మొదటి దెబ్బను తుడిచేయలేదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే, కింద రాసే అంకెలన్నీ ఎందుకు అలా ఉన్నాయో మీకే అర్థమవుతుంది.

ఆ అంకెలు అమెరికాలో జరిగిన మామ్స్ అనే అధ్యయనంలోవి. ఫిలడెల్ఫియా, నాష్‌విల్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లోని మూడు ఆసుపత్రుల్లో, ఒప్పుకున్న తల్లులను చీటీ వేసినట్టుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి 19 నుంచి 25 వారాల మధ్య గర్భసంచి తెరిచి బిడ్డ వెన్ను మూశారు. రెండో వర్గానికి పుట్టాక మూశారు. 200 మందితో చేద్దామనుకున్నారు. మొదటి వర్గం పిల్లలకు మేలు స్పష్టంగా కనిపించడంతో 2010 చివరలో ముందుగానే ఆపేసి, 2011లో ఫలితాలు ప్రకటించారు.

ఏడాది నిండేసరికి తలలోని నీరు బిడ్డ పొట్టలోకి దిగడానికి షంట్ అనే గొట్టం పెట్టాల్సి వచ్చిన పిల్లలు, కడుపులో ఆపరేషన్ అయినవారిలో 40 శాతం, పుట్టాక అయినవారిలో 82 శాతం. రెండున్నరేళ్లకు ఏ ఆధారం లేకుండా నడిచినవారు 42 శాతం, 21 శాతం. చూడగానే ఎవరికైనా చేయించాలనిపించే తేడా అది. నాకూ ఆ రోజుల్లో అలాగే అనిపించింది.

ఆ పిల్లలే దాదాపు ఆరేళ్ల నుంచి పదేళ్ల వయసుకు వచ్చాక వాళ్లను మళ్లీ పిలిచి పరీక్షించారు. 161 మంది వచ్చారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. నా దృష్టిలో మీలాంటి తల్లిదండ్రులు చదవాల్సింది మొదటిదాని కంటే ఇదే. షంట్ తేడా అలాగే నిలిచింది, 49 శాతం, 85 శాతం. షంట్ పెట్టినవారిలోనూ దానిని మళ్లీ మళ్లీ మార్చాల్సిన అవసరం మొదటి వర్గానికి తక్కువగా వచ్చింది. కానీ పట్టీలు, కర్రలు లేకుండా నడిచేవారు మాత్రం 29 శాతం, 11 శాతంగా మిగిలారు. అంటే రెండున్నరేళ్లకు ఆధారం లేకుండా నడిచిన పిల్లల్లో కొందరికి బడి వయసుకు పట్టీలో కర్రలో అవసరమయ్యాయి. బిడ్డ పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, బలహీనంగా ఉన్న కండరం మాత్రం ఆ బరువుతో పాటు పెరగదు. కొందరికి పాత మచ్చ దగ్గర వెన్నుపాము అతుక్కుని లాగుకుపోతుంది. ఇది కడుపులో ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ వస్తుంది. కాబట్టి మూడేళ్లకు పరుగెత్తుతున్న బిడ్డను చూసి ఇక గండం గడిచిందని చెకప్‌లు మానేయకూడదు.

ఇక, తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, ఉన్నది చెప్పగలగడం వంటివాటిని కొలిచే పరీక్షలో మామూలు పిల్లల సగటు 100 అనుకుంటే, మొదటి వర్గానికి 89, రెండో వర్గానికి 87.5 వచ్చింది. అది తేడా కిందికి రాదు. ఇన్ని కష్టాలు పడి ఆపరేషన్ చేయిస్తే మెదడు ఎదుగుదలలో తేడా ఎందుకు లేదని మీకు సందేహం వస్తుంది. నాకు తోచిన జవాబు ఇది. షంట్ తప్పడం మెదడుకు మంచిదే. కానీ కడుపులో ఆపరేషన్ అయిన పిల్లలు సగటున 34 వారాలకే పుట్టారు, రెండో వర్గం 37 వారాలకు. వంద మందిలో పదముగ్గురు 30 వారాల కంటే ముందే పుట్టారు. నెలలు నిండకుండా పుట్టడం మెదడుపై తన భారం తాను వేస్తుంది. పైగా మెదడు అమరికలోని కొన్ని మార్పులు మొదటి దెబ్బతోనే, ఆపరేషన్‌కు చాలా ముందే మొదలై ఉంటాయి.

అంకెలు పక్కన పెట్టి ఇద్దరు పిల్లల గురించి చెబుతాను. పేర్లు, ఊళ్లు చెప్పను.

ఒక పాప తల్లిదండ్రులు మన నెల్లూరు వాళ్లే, టెక్సాస్‌లో ఉద్యోగాలు. అక్కడే పాపకు కడుపులో ఉండగా సన్నని గొట్టాలతో, కెమెరా సాయంతో ఆపరేషన్ జరిగింది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు చూపిస్తారు. షంట్ లేదు. చీలమండలకు ప్లాస్టిక్ పట్టీలు పెట్టుకుని మెట్లు ఎక్కుతుంది. ఒక బాబు మన సముద్రపు ఒడ్డు ఊరివాడు, తండ్రి రొయ్యల చెరువుల మీద కాపలా. పుట్టిన రెండో రోజున నేనే వెన్ను మూశాను, పదో రోజున షంట్ పెట్టాను, నాలుగేళ్లకు అది మూసుకుపోతే మార్చాను. చంకల కింద కాక మోచేతికి తగిలించుకునే కర్రలతో నడుస్తాడు. దూరమైతే తండ్రి మోపెడ్ ఎక్కుతాడు.

ఒక మే నెలలో వాళ్లిద్దరూ ఒకే రోజు వచ్చారు. ఇద్దరికీ తొమ్మిదేళ్లు. వరండాలో కూర్చుని కబుర్లలో పడ్డారు. ఆ పాప ఇంగ్లిషు, తెలుగు కలిపి గలగలా మాట్లాడుతుంది. వీడు తెలుగులో అంతకంటే గలగలా మాట్లాడతాడు. చూసినవాళ్లు ఇద్దరికీ తెలివి చాలా ఎక్కువ అనుకుంటారు. నా దగ్గర పనిచేసే ఫిజియోథెరపిస్టు గోడ గడియారం చూపించి, బస్సు నాలుగింటికి వస్తుంది, ఇప్పుడు మూడుంబావు అయింది, ఇంకా ఎంతసేపు ఆగాలి అని అడిగింది. ఇద్దరూ ఒకేచోట ఆగిపోయారు. రెండు వేల కిలోమీటర్లు కాదు, భూగోళానికి అటూ ఇటూ పెరిగిన పిల్లలు, రెండు రకాల ఆపరేషన్లు, ఒకే తడబాటు. ఆ రోజు నుంచి నేను తల్లిదండ్రులతో కాళ్ల గురించి మాట్లాడే సమయాన్ని తగ్గించి, మిగతావాటి గురించి మాట్లాడే సమయాన్ని పెంచాను.

ఈ పిల్లల చదువు తీరు అలా ఉంటుంది. పదాలు బాగా వస్తాయి, పాఠం చదివేస్తారు, పద్యం అప్పజెబుతారు. చదివినదానిలో సారం చెప్పమంటే తడబడతారు. లెక్కలు, గడియారం, డబ్బు లెక్క, దారి గుర్తుపెట్టుకోవడం కష్టమవుతాయి. రాత నెమ్మది. ఒక పని మొదలుపెట్టడం, మధ్యలో వదలకుండా పూర్తిచేయడం కష్టం. తలలో నీరు ఎక్కువగా ఉన్నవారిలో, షంట్‌కు ఇన్ఫెక్షన్ వచ్చినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది మామూలు బడిలోనే చదువుకోగలరు. చిక్కేమిటంటే, బాగా మాట్లాడుతున్నాడు కదా అని టీచరు వాడిని బద్ధకస్తుడు అనుకుంటుంది, ఇంట్లో మొండివాడు అనుకుంటారు. రెండూ కాదు. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కొక్కటే చెబితే, లెక్కను చేతిలో చిల్లర పెట్టి నేర్పితే, రాయడానికి అదనపు సమయం ఇస్తే నడుస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రం గురించి ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. వైకల్యం 40 శాతం దాటినట్టు ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం హక్కుగా వస్తుంది, పింఛను కూడా వస్తుంది. ఆ కాగితం తీసుకోవడానికి సిగ్గుపడి ఎనిమిదో తరగతి దాకా ఆగిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇప్పుడు మూత్రం సంగతి. అన్నిటికంటే ఎక్కువగా నేను రాయదలుచుకున్నది దీని గురించే.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో ఒక బిడ్డకు వెన్ను చక్కగా మూశాను. మచ్చ బాగా మానింది, తలలో నీరు చేరలేదు. బిడ్డ నడిచింది కూడా. తల్లిదండ్రులతో ఇక భయం లేదు అన్నాను. వాళ్లు నన్ను నమ్మి వెళ్లిపోయారు. ఏడేళ్లకు ఆ పాపను మళ్లీ తెచ్చారు. ఎప్పుడూ లంగా తడిగా ఉంటుందని, బడిలో పిల్లలు పక్కన కూర్చోవడం లేదని చెప్పారు. స్కాన్ తీస్తే రెండు మూత్రపిండాలూ ఉబ్బి, ఒకటి దాదాపు పనిచేయడం మానేసింది. తడిపేసుకుంటోంది కాబట్టి మూత్రం పోతోందనే అందరం అనుకున్నాం. నిజానికి సంచి నిండి, పొంగి, పైనుంచి పొర్లుతున్నది మాత్రమే బయటికి వచ్చేది. లోపల ఒత్తిడి ఏళ్ల తరబడి మూత్రపిండాలను వెనక్కి నొక్కింది. తప్పు నాది. వెన్ను మూసిన రోజే మూత్రాశయం గురించి చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ పాప తల్లి ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

కాబట్టి వినండి. పుట్టిన మొదటి వారాల్లోనే మూత్రపిండాల స్కాన్ తీయించాలి, తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో తీయిస్తూనే ఉండాలి. మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేయించాలి. అవసరమైతే మూడు నాలుగు గంటలకు ఒకసారి సన్నని గొట్టం పెట్టి మూత్రం తీసేయాలి. ఇది వినగానే తల్లులు ఏడుస్తారు. రెండు వారాలు గడిచాక అన్నం కలిపి పెట్టినంత సులువుగా చేస్తారు. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలు, ఆపరేషన్ థియేటర్ పరిశుభ్రత అక్కర్లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు సొంతంగా పెట్టుకోవడం నేర్చుకుంటారు. ఆ మామ్స్ పిల్లల్లో బడి వయసుకు ఇలా గొట్టం వాడుతున్నవారు కడుపులో ఆపరేషన్ అయినవారిలో 62 శాతం, పుట్టాక అయినవారిలో 87 శాతం. తమంతట తాముగా మూత్రం పోయగలిగినవారు 24 శాతం, 4 శాతం. మేలు ఉంది, కాదనను. కానీ ఆపరేషన్ చేయించిన తర్వాత కూడా వందలో అరవై రెండు మందికి ఈ గొట్టం ఉందని గుర్తుపెట్టుకోండి. మలబద్ధకానిదీ ఇదే దారి. రోజూ అన్నం తిన్నాక ఒకే సమయానికి కూర్చోబెట్టడం పసితనం నుంచే అలవాటు చేయాలి. బడిలో పరువు నిలబడటానికి కాళ్ల కంటే ఇదే ముఖ్యం. బట్టలు తడవని పిల్లాడు కర్రలతో నడిచినా స్నేహితులు ఉంటారు.

తల్లి సంగతి కూడా చెప్పాలి. మీ ఉత్తరంలో బిడ్డ గురించి పది వాక్యాలు ఉన్నాయి, మీ ఆవిడ గురించి ఒక్కటే ఉంది. ఈ ఆపరేషన్ బిడ్డ కోసం చేసినా కోత పడేది ఆమెకు. గర్భసంచి తెరిచి చేసే పద్ధతిలో కోత మామూలు సిజేరియన్ కోత పడేచోట ఉండదు. అందుకే ఈ కాన్పూ, ఇకముందు ప్రతి కాన్పూ నొప్పులు రాకముందే సిజేరియన్‌తోనే జరగాలి, లేకపోతే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంటుంది. మామ్స్‌లో దాదాపు సగం మందికి ఉమ్మనీరు ముందుగానే పోయింది. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కొందరికి మాయ విడిపోయింది. కాన్పు సమయంలో మూడో వంతు మందికి పాత కోత దగ్గర గర్భసంచి పలచబడి కనిపించింది. గొట్టాలతో చేసే పద్ధతిలో గర్భసంచికి పెద్ద కోత తప్పుతుంది కానీ నెలలు నిండకుండా పుట్టే బెడద పూర్తిగా పోదు. ఆపరేషన్ తర్వాత కాన్పు దాకా ఆమె ఆ ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. రెండు మూడు నెలలు ఊరు కాని ఊళ్లో గది, వంట, తోడు ఒక ఆడమనిషి. మీకు ఇది సాధ్యమేనా, ఆమెకు ఇష్టమేనా? ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, అత్తగారు, ఆడపడుచులు లేనప్పుడు అడగండి.

అందరికీ ఈ ఆపరేషన్ చేయరు కూడా. కవలలు ఉంటే, తల్లి బరువు చాలా ఎక్కువ ఉంటే, గర్భసంచి మెడ పొట్టిగా ఉంటే, బిడ్డ వెన్ను బాగా వంగిపోయి ఉంటే, వేరే జన్యు లోపం ఉంటే వద్దంటారు. మన దేశంలో ఇది ఇంకా కొద్దిచోట్లే జరుగుతోంది. కాబట్టి వెళ్లినచోట మొహమాటపడకుండా అడగండి. మీరు స్వయంగా ఎంతమందికి చేశారు, అందులో ఎందరు బతికారు, సగటున ఎన్ని వారాలకు పుట్టారు, ఏడాదికి ఎందరికి షంట్ పెట్టారు అని అడగండి. సొంత లెక్క చెప్పకుండా అమెరికా లెక్క మాత్రమే చెప్పేచోట నేనైతే నా బిడ్డకు చేయించను. మామ్స్ ఫలితాలు ఏళ్ల తరబడి అదే పని చేసిన చేతులవి. ఆ చేతులు లేనిచోట ఆ అంకెలు మీకు వర్తించవు.

మీ బిడ్డ విషయానికి వస్తే, ఎల్4 అనేది ఆశ ఉన్న మాట. తొడ ముందు కండరాలకు నరాలు ఎల్3, ఎల్4 దగ్గర నుంచే వస్తాయి. అవి పనిచేస్తే మోకాలు నిలబడుతుంది. మోకాలు నిలబడితే పట్టీలతోనో కర్రలతోనో చాలామంది నడుస్తారు. లోపం ఛాతీ వెన్ను దగ్గర ఉంటే నేను ఇలా రాసేవాడిని కాదు, చక్రాల కుర్చీ గురించే ముందు మాట్లాడేవాడిని. అయితే స్కాన్‌లో కనిపించే ఎముక స్థాయికీ, నరం పనిచేసే స్థాయికీ ఒకటి రెండు మెట్ల తేడా రావచ్చు. స్కాన్‌లో కాళ్లు కదులుతున్నాయని చెప్పారని సంతోషపడ్డారు. ఆ కదలికల్లో కొన్ని మెదడు ప్రమేయం లేకుండా వచ్చేవి కూడా ఉంటాయి, కాబట్టి దాని మీదే ఇల్లు కట్టుకోవద్దు.

పెద్దలు అంటున్న మాటల గురించి కూడా రాస్తాను. గ్రహణం రోజు బయటికి వెళ్లిందని, ఆమె పుట్టిల్లు కనిగిరి వైపు కాబట్టి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిందని, ఏ జన్మలో చేసిన పాపమో అని అంటున్నారని రాశారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది, కనిగిరి ప్రాంతంలో ఆ బాధ నేను చూశాను, కానీ ఈ లోపానికి తెలిసిన కారణాల్లో అది లేదు. ఫోలిక్ యాసిడ్ తక్కువ కావడం, అదుపులో లేని షుగరు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మాత్రలు, స్థూలకాయం, కొంత వంశపారంపర్యం, ఇవి తెలిసిన కారణాలు. చాలామందిలో ఇదీ అని చూపించలేం. ఆమె ఏ తప్పూ చేయలేదని అందరూ వినేలా ఇంట్లో మీ నోటితో చెప్పండి.

తీసేయించడం గురించి నేను చేయమనీ, వద్దనీ చెప్పను. నా దగ్గర చదువుకుని పెద్దవాళ్లయిన ఈ పిల్లలు ఉన్నారు, మోయలేక కుంగిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. 2021లో మారిన చట్టం ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాల తర్వాత కూడా అవకాశం ఉంది. కాబట్టి రేపే తేల్చాలని ఎవరో తొందరపెడితే లొంగకండి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. మీ సంతకం కానీ మీ నాన్నగారి సంతకం కానీ చట్టం అడగదు. ఉంచుకోవాలన్నా, వద్దన్నా ఆ మాట ఆమెదే కావాలి.

కడుపులో ఆపరేషన్ కుదరకపోతే కుంగిపోవద్దు. పుట్టాక సరిగా మూసి, సరిగా చూసుకున్న పిల్లలు నా దగ్గర ఇంటర్, డిగ్రీ చదువుతున్నారు. అప్పుడు చేయాల్సింది, పిల్లల సర్జన్, న్యూరోసర్జన్ ఉన్నచోటే కాన్పు ఏర్పాటు చేసుకోవడం. పుట్టిన బిడ్డను బోర్లా పడుకోబెట్టాలి, సంచి మీద సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ వేసి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పాలి. ఒక ఏడాది వేసవిలో వంద కిలోమీటర్ల నుంచి ఒక బిడ్డను పొడిగుడ్డ చుట్టి తెచ్చారు. గుడ్డ నరాలకు అతుక్కుపోయింది. తడి ఆరనివ్వకపోవడమే దారిలో మీరు చేయగలిగిన వైద్యం. రెండు మూడు రోజుల్లోపు వెన్ను మూయించాలి. ఆ తర్వాత బిడ్డ మాడు ఉబ్బినా, కళ్లు కిందికి వాలినా, వాంతులతో మత్తుగా పడుకున్నా, ఏ అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకురావాలి. గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగిస్తూ తెల్లవారే దాకా ఆగకూడదు.

పాదాలకు స్పర్శ లేని బిడ్డకు మన ప్రాంతపు ఎండ ప్రత్యేకమైన శత్రువు. రోహిణి కార్తెలో డాబా మీదికో, నాపరాళ్ల వాకిట్లోకో చెప్పులు లేకుండా వెళితే కాలుతున్నట్టు తెలియదు, సాయంత్రానికి బొబ్బలు కనిపిస్తాయి. బండి సైలెన్సర్ కాలి పిక్క మీద చేసిన గాయం మానడానికి ఒక పిల్లాడికి ఐదు నెలలు పట్టింది. రోజూ స్నానం చేయించేటప్పుడు అరికాళ్లు తిప్పి చూడండి. రబ్బరు బెలూన్లు, రబ్బరు తొడుగులు ఈ పిల్లల్లో చాలామందికి పడవు, చెప్పకపోతే ఆసుపత్రిలో కూడా మరిచిపోతారు.

ఫిజియోథెరపీ మొదటి నెలల నుంచే మొదలుపెట్టాలి. జిల్లా స్థాయిలో పిల్లల కోసం ఉన్న సత్వర చికిత్స కేంద్రంలో అడగండి. క్యాలిపర్లు, వంకర పాదాల సర్జరీల కోసం తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికి మన వైపు నుంచి చాలామంది వెళ్తారు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఏది రాదో ఆపరేషన్‌కు ముందే అక్కడ ఆ పథకం చూసే సిబ్బందితో మాట్లాడి తేల్చుకోండి.

ఈ వారంలో చేయాల్సినవి. మీకు మహా అయితే నాలుగు వారాలు ఉన్నాయి, 26 వారాలు దాటితే సాధారణంగా కడుపులో ఆపరేషన్ చేయరు. ఒంగోలులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికల్లా చెన్నైలో దిగవచ్చు. అక్కడో, హైదరాబాద్‌లోనో గర్భస్థ శిశు వైద్య నిపుణులు ఉన్నచోట మరోసారి స్కాన్, బిడ్డ ఎంఆర్‌ఐ, గుండె స్కాన్, ఉమ్మనీటి పరీక్ష చేయించండి. ముందు ఫోను చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కాగితం రిపోర్టు మాత్రమే కాక, ఒంగోలు స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకెళ్లండి. చాలామంది అది మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి డబ్బు కడుతున్నారు. మీ ఆవిడను, ఆమెకు ధైర్యం చెప్పగల ఒక మనిషిని తీసుకెళ్లండి, పదిమందిని వద్దు. వెళ్లేముందు మీ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకోండి, ఆమె ప్రశ్నలు వేరే కాగితం మీద ఆమె చేతే రాయించండి.

మరో సంగతి, ఇప్పుడు కాకపోయినా తర్వాత పనికొస్తుంది. ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్లీ జరిగే అవకాశం మామూలు కంటే ఎక్కువ. 1991లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇలాంటి తల్లులు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ఆ అవకాశం 72 శాతం తగ్గిందని తేలింది. గర్భిణులకు మామూలుగా ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అందులో ఎనిమిదో వంతు మాత్రమే. పైగా ఈ మాత్ర నెల తప్పాక మొదలుపెడితే ఉపయోగం లేదు, వెన్ను మూసుకునే రోజులు అప్పటికే గడిచిపోతాయి. మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు కనీసం నెలా రెండు నెలల ముందే డాక్టరును అడిగి ఎక్కువ మోతాదు మాత్ర రాయించుకోవాలి. మీ చెల్లెలికి, మీ ఆవిడ చెల్లెలికి కూడా పెళ్లి కుదిరినప్పుడే ఫోలిక్ యాసిడ్ సంగతి చెప్పండి.

ఎంఆర్‌ఐ అయ్యాక లోపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, మెదడు వెనుక భాగం ఎంత కిందికి జారిందో, తలలో నీటి కొలత ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. ఆ మూడు తెలిస్తే మీ బిడ్డ గురించి ఇంతకంటే తిన్నగా చెప్పగలను.